ఎర్రసిరా గీత

మా నాన్నగారి జీపు ఆర్సీ పుస్తకంలో 'పెట్రోలు' అన్న మాటను ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన 'డీజిల్' అని రాసి ఆర్టీవో సంతకం చేశాడు. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో హైపోతికేషను కాగితాలు చూస్తున్నవాణ్ణి. కొట్టివేత కనిపిస్తే ముందు అనుమానమే.

చందాపురలో, ఆనేకల్లు రోడ్డు పక్క షెడ్డులో బండి విప్పించాను. "ఈ డీజిలింజను తీసేసి పాత పెట్రోలుది వెతికి వేద్దాం సార్. అసలు రూపం వస్తుంది, రేటూ వస్తుంది" అన్నాడు మేస్త్రీ. కొనడానికి వచ్చినాయనదీ అదే షరతు. మా అబ్బాయి చదువు అప్పు ఇంకా తీరలేదు కనుక రేటు మాట నాకు చెవికెక్కింది.

అయితే అసలు రూపమంటే ఏది? యుద్ధకాలంలో అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. 1947లో మహీంద్రావారు ఆ దేశపు విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. మా బండిది ఎత్తు బానెట్టు. 1953లో విల్లీస్ కొత్తగా పెట్టిన పెట్రోలింజను పొడుగు ఎక్కువై పాత బానెట్టులో పట్టకపోతే, బానెట్టునే పైకి లేపారు! అమెరికాలో ఆ నమూనా 1968తో ఆగిపోయింది. మన దేశంలో ఆగలేదు.

1973 అక్టోబరు యుద్ధం తర్వాత ముడిచమురు ధర కొద్ది నెలల్లోనే సుమారు నాలుగింతలైంది. నాన్న ఈ జీపులోనే పట్టుగూళ్లు రామనగర మార్కెట్టుకు వేసేవారు. గూళ్ల సొమ్మంతా పెట్రోలే తాగుతోందని అమ్మ సణుగుడు. 1979లో మహీంద్రా ఫ్రాన్సు దేశపు పెజో కంపెనీతో డీజిలింజనుకు ఒప్పందం చేసుకుంది. దాని పేరు ఎక్స్‌డీపీ 4.90, అంటే నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 90 మిల్లీమీటర్ల వ్యాసం. మొత్తం 2112 సీసీ. 1983లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, నాన్న అప్పు చేసి దాన్నే వేయించారు. బరువు పెరిగిందని ముందు కమాన్లకు ఒక్కో పట్టీ అదనంగా చేర్పించారు. ఆ తర్వాత నా కాలేజీ ఫీజు ఎన్నడూ ఆలస్యం కాలేదు.

ఆ పట్టీలు ఇప్పటికీ ఉన్నాయి. మేస్త్రీ వాటిని విప్పబోతుంటే వద్దన్నాను. కొనే ఆయన మళ్లీ రాలేదు.

ఐదేళ్లకోసారి చేయించే రిజిస్ట్రేషను నవీకరణ దగ్గర పడింది. ఇంజను నంబరు తుప్పులో మునిగిపోయి ఉంది. కిరోసిన్ గుడ్డతో గంటసేపు రుద్దాం. ఒక్కో అంకె మేస్త్రీ చదువుతుంటే, ఎర్రసిరా పేజీ మీద వేలు పెట్టి నేను సరిచూశాను. చివరి అంకె దాకా సరిపోయింది.