లింకను మహాశయుని ఉపాధ్యక్షుడు

రాజ్యాంగములందు కొన్ని పదవులు ఏండ్ల తరబడి శూన్యప్రాయములుగ నుండి, యొక్క గడియలో సర్వాధికారములగును. అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉపాధ్యక్ష పదవి యట్టిది. సెనేటు సభకు అగ్రాసనాధిపత్యము వహించుట, అచ్చట ఓట్లు సరిసమానమైనప్పుడు తన ఓటు వేయుట తప్ప రాజ్యాంగశాసనము ఆతనికి విధించిన పని లేదు. మొదటి ఉపాధ్యక్షుడగు జాన్ ఆడమ్సు, మనుష్యబుద్ధి ఇంతకంటె అల్పమైన పదవిని కల్పింపలేదని తన భార్యకు వ్రాసికొనెను. కాని అధ్యక్షుడు కన్నుమూసిన మరుక్షణమున ఆ పదవిలోనివాడే దేశమునకు కర్త యగును. 1841లో హారిసను పదవికి వచ్చిన నెల దినములకే మరణింపగా టైలరు అధ్యక్షుడయ్యెను. 1850లో జకారీ టేలరు మరణింపగా ఫిల్మోరు వచ్చెను. కనుక 1864 నాటికి ఈ సంగతి అచ్చటి రాజకీయజ్ఞులకు తెలియనిది కాదు. అయినను వారు ఉపాధ్యక్షుని వెదకునప్పుడు ఓట్లు తెచ్చువాడెవడని యడిగిరే కాని, యజమాని పోయినచో ఇల్లు నిలుపువాడెవడని యడుగలేదు. ఆ ప్రశ్న అడుగకపోవుటవలన కలుగు ననర్థమునకు అబ్రహాము లింకను కథకంటె స్పష్టమగు నిదర్శనము లేదని మా యభిప్రాయము.

1860లో లింకనుతో గూడ ఎన్నికయైనవాడు మెయిను రాష్ట్రీయుడగు హానిబాలు హామ్లిను. ఆతడు బానిసత్వమును మనసార ద్వేషించినవాడు. దాస్యవిమోచనమునకును, నల్లజాతివారిని సైన్యమున జేర్చుటకును అధ్యక్షుని తొందరపెట్టినవారిలో నొకడు. అట్టివానిని 1864లో తొలగించుటకు కారణమేమి? ఆతని దోషమేమియు లేదు. మెయిను రాష్ట్రము ఎట్లును ఆ పక్షమునకే ఓటు వేయును; ఆతనివలన క్రొత్తగా వచ్చు లాభము లేదు. అంతర్యుద్ధము నాలుగవ యేట బడియుండెను. వర్జీనియాలో గ్రాంటు సేనలు వేలకొలది కూలుచుండెను. 1832లో జాక్సనుకు పిమ్మట ఏ యధ్యక్షుడును రెండవ పర్యాయము గెలిచియుండలేదు. యుద్ధమును సమర్థించు డెమోక్రాటులను గూడ కలుపుకొనవలెనని లింకను పక్షము తన పేరునే మార్చుకొని, జాతీయ సమైక్య పక్షమను పేర జూను 7, 8 తేదీలలో బాల్టిమోరున మహాసభ జరిపెను.

అచ్చట వారి కంటబడినవాడు టెన్నెసీకి చెందిన ఆండ్రూ జాన్సను. ఈతని పూర్వకథ ఎవరినైనను ఆకర్షింపదగినదే. 1808లో కడు పేదయింట పుట్టి, పాఠశాల ముఖము చూడక, చిన్ననాడే దర్జీయొద్ద పనికి కుదిరినవాడు. వ్రాతయు లెక్కలును భార్య సాయమున నేర్చుకొనెను. కుట్టుపని చేయుచునే పురపాలక సభనుండి శాసనసభకును, అటనుండి గవర్నరు పదవికిని, సెనేటునకును ఎగబ్రాకెను. 1861లో దక్షిణ రాష్ట్రములు విడిపోయినప్పుడు వాని సెనేటరులందరును లేచిపోగా, ఈతడొక్కడే తన పీఠము విడువలేదు. అందులకు ప్రాణాపాయములను గూడ ఎదుర్కొనెను. 1862లో లింకను ఈతనిని టెన్నెసీకి సైనిక గవర్నరుగ నియమించెను. ఆ ధైర్యము నిజమైనది. దానిని మేము తక్కువ చేయజాలము.

మహాసభలో మొదటి లెక్కకు జాన్సనుకు 200, హామ్లినుకు 150, న్యూయార్కువాడగు డికిన్సనుకు 108 ఓట్లు వచ్చెను. ఇందులో నొక చిత్రము గలదు. డికిన్సను గెలిచినచో, ఒకే రాష్ట్రమునకు రెండు పెద్ద పదవులుండరాదని, న్యూయార్కువాడే యగు మంత్రి సీవర్డు తొలగవలసివచ్చును. అందుచే సీవర్డు అనుయాయులు జాన్సను వంక మొగ్గిరి. నలువది లక్షల దాసుల భవిష్యత్తు ఒక మంత్రి కుర్చీ గొడవతో ముడిపడెనన్నమాట! పిమ్మట తక్కినవారును అటే మరలిరి.

ఇది లింకను చేసినదా, సభ చేసినదా? తాను జోక్యము చేసికొనననియు, సభయే నిర్ణయింపవలెననియు ఆతడు తన కార్యదర్శి నికొలేకు తెలియజేసెను. 1891లో హామ్లిను మరణించిన పిమ్మట, లింకనే లోలోపల జాన్సనును కోరెనని ఫిలడెల్ఫియా పత్రికాసంపాదకుడు మెక్లూరు ప్రకటించెను. నికొలే దానిని గట్టిగ ఖండించెను. చరిత్రకారులలో ఆ వివాదము పూర్తిగ తీరలేదు. మాకు మాత్ర మది ముఖ్యమని తోచదు. కోరినను, కోరక యూరకున్నను, తన తరువాత ఎవడన్న ప్రశ్నను పరుల చేతులలో విడుచుటయు నొక నిర్ణయమే.

పొరపాటు ఎచ్చట జరిగెను? జాన్సను దక్షిణదేశపు గొప్ప భూస్వాములను ద్వేషించెను. ఆ ద్వేషమును జూచినవారు అది దాసులయెడ ప్రేమయని భ్రమించిరి. 1864 అక్టోబరులో నాష్విల్లున, మీకు మోషేనై దారి చూపెదనని నల్లజాతివారితో ఆతడు పలికెను గూడ. కాని స్వయముగ దాసులను గలిగియున్న ఆ మనుష్యుని ఆవేదనయంతయు పేద తెల్లవారిని గూర్చియే. పైవారిని నిందించువాడెల్ల క్రిందివారికి మిత్రుడు కాడను సంగతి మన దేశమున సంఘసంస్కరణోపన్యాసములు వినినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

దీనిని మొదట కనిపెట్టినవాడు రాజకీయజ్ఞుడు కాడు, దాస్యమునుండి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరికు డగ్లసు. 1865 మార్చి 4వ తేదీన ప్రమాణస్వీకార సమయమున లింకను తన్ను జాన్సనుకు చూపగా, ఆతని ముఖమున మొదట ఏవగింపు తోచెననియు, వెంటనే దానిని కప్పిపుచ్చుకొనెననియు, ఈతడు మా జాతికి మిత్రుడు కాడని అప్పుడే ప్రక్కవారితో ననుకొంటిననియు ఆతడు స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఆ దినముననే జాన్సను మద్యము మత్తులో తడబడుచు ఉపన్యసించి సభికులకు తలవంపులు తెచ్చెను. నలువదియొక్క దినములకు లింకను పై గుండు ప్రేలెను. ఏప్రిలు 15వ తేదీన జాన్సను దేశాధ్యక్షుడయ్యెను.

ఆ పిదప జరిగినదానిని సవిస్తరముగ చెప్పవలసియున్నది. 1865 జనవరిలో షెర్మను సేనాని సముద్రతీరమున భూస్వాములు విడిచిపోయిన పొలములను విముక్తులకు కుటుంబమునకు 40 ఎకరములకు మించకుండ పంచ నాజ్ఞాపించెను. సుమారు నలువదివేలమంది అచ్చట నివాసమేర్పరచుకొని సేద్యము మొదలిడిరి. మే నెలలో జాన్సను క్షమాపణ ప్రకటన గావించి, పాత యజమానులకు ఆ భూములు తిరిగి యిప్పించుటకు పూనుకొనెను. అక్టోబరులో ఈ వార్త చెప్పుటకు హోవర్డు సేనాని ఎడిస్టో ద్వీపమునకు వెళ్లెను. దేవాలయమున గుమిగూడిన జనము ఆతని మాట విననొల్లక కలవరపడగా, ఒక స్త్రీ దుఃఖగీత మెత్తుకొనెను. సభయంతయు గొంతు కలిపెను. తనకు అప్పగించిన పని ఎంత క్రూరమైనదో ఆ సేనానికి తెలియును. ఆ పని చేయక తప్పినది కాదు.

అటుపిమ్మట దక్షిణ రాష్ట్రములు, పేరు మార్చి దాస్యమునే నిలుపు శాసనములు చేసెను. 1866లో విముక్తుల సంరక్షణశాఖ బిల్లును, పౌరహక్కుల బిల్లును జాన్సను నిరాకరించెను. రెండవదానిని కాంగ్రెసు ఆతనిని త్రోసి శాసనము చేసెను. ఓటుహక్కు కోరి ఆ ఫిబ్రవరిలో వచ్చిన డగ్లసు బృందమును రిక్తహస్తములతో పంపెను. 1868లో కాంగ్రెసు అభియోగము తెచ్చి విచారింపగా, సెనేటులో 35 మంది దోషి యనియు 19 మంది కాడనియు ననిరి. ఒక్క ఓటు తక్కువయై ఆతడు పదవిలో నిలిచెను. 1873లో పూనాలో జ్యోతిరావు ఫూలే తన 'గులాంగిరీ' గ్రంథమును, నల్లజాతి దాస్యమును తొలగించిన అమెరికా సజ్జనుల కంకిత మొసంగెను. ఆనాటికి ఎడిస్టో పొలములు పాత యజమానుల చేతులకు మరలి చాల కాలమైనది.

లింకను పక్షమున చెప్పవలసినదియు గలదు. ఆ వేసవిలో ఓటమి తప్పదని ఆతడే నమ్మెను. ఆగస్టు 23న ఆ మాట కాగితముపై వ్రాసి మంత్రులచే చదువకుండగనే సంతకములు చేయించెను. మునుగువాడు తనకందిన కొమ్మను పరీక్షించి పట్టుకొనడు. కాని ఆ కొమ్మ ఆతనిని రక్షించినదా? సెప్టెంబరులో అట్లాంటా నగరము పట్టుబడుటతో జనుల మనస్సు మారెను. లింకనుకు 212 నియోజక ఓట్లు, ప్రత్యర్థి మెక్లెల్లనుకు 21 మాత్రమే వచ్చెను. జాన్సను సొంత రాష్ట్రమగు టెన్నెసీ ఓట్లను కాంగ్రెసు లెక్కలోనికే తీసికొనలేదు.

హామ్లిను అధ్యక్షుడైనచో ఏమి జరిగియుండునో మేము చెప్పజాలము. పదవిలో నుండగనే 1864 వేసవిలో ఆతడు తన రాష్ట్రపు తీరరక్షక దళమున సామాన్య సిపాయిగ చేరి కొలువు చేసెను. 1869లో మరల సెనేటునకు వచ్చి పండ్రెండేండ్లు అచ్చట కూర్చుండెను. అమెరికా స్వాతంత్ర్యదినమగు 1891 జూలై 4న మరణించెను.