చెప్పు కింది చరిత్ర

అచ్చంపేటలో రోహిణి ఎండకి ఉత్తకాళ్లతో నాలుగడుగులు వేసినవాళ్లకి చెప్పు విలువ వేరే చెప్పక్కర్లేదు. వెనకటి చెప్పంటే, పచ్చితోలుని లందలో తంగేడు చెక్క నీళ్లకి రోజుల తరబడి ఊరబెట్టి కుట్టినది. ఆ చెక్కలోని వగరు, తోలులోని కొల్లాజెన్ పోగుల్ని ఒకదానికొకటి ముడేస్తుంది. అందుకే తోలు కుళ్లదు. ఆ విద్య తెలిసినవాళ్లని మన పెద్దలు పండితులనలేదు సరికదా, ఊరికి ఎడంగానే ఉంచారు.

ఆ విద్యని శాస్త్రం సరసన కూర్చోబెట్టిన యలవర్తి నాయుడమ్మ మన గుంటూరు సీమవారే. 1922లో తెనాలి దగ్గర యలవర్రులో పుట్టి, 1958 నుంచి 1971 దాకా మద్రాసులోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థకి డైరెక్టరుగా ఉన్నారు. ఆయనా, సహచరులూ కొల్లాజెన్ పోగుకి కృత్రిమ పాలిమర్ గొలుసుల్ని అంటుగట్టి చూశారు. మామిడి అంటులాంటిదే అనుకోండి.

అంటులా పక్కన కాక, కొసకి కొస కలిపితే అది బ్లాక్ కోపాలిమర్. 1956లో మైకేల్ స్వార్క్ అమెరికాలో ఒక చిత్రం చూపించారు. వేసిన సరుకంతా అయిపోయినా గొలుసు చావదు. ఇంకో సరుకు వేస్తే అక్కణ్ణించే మళ్లీ పెరుగుతుంది. ఆ దారినే 1965లో షెల్ కంపెనీ కొత్తరకం రబ్బరు తెచ్చింది. అటూ ఇటూ గట్టి పాలీస్టైరీన్, నడుమ మెత్తటి పాలీబ్యూటడైన్. గట్టి కొసలన్నీ గుంపులుగా చేరి ముడిలా పట్టుకుంటాయి. వేడిచేస్తే ముడి సడలుతుంది, అచ్చులో చల్లారితే మళ్లీ బిగుస్తుంది. 1839లో గుడ్‌ఇయర్ గంధకంతో ఉడికించిన రబ్బరుకి ఆ సుగుణం లేదు, బిగిస్తే బిగిసినట్టే. ఇవాళ ఎన్నో చెప్పుల అడుగులు ఈ కొత్త సరుకే.

అయితే ఎండ దీనికీ పడదు. నడుమ భాగంలో ఉన్న జంట బంధాల్ని ఎండా, ఆక్సిజనూ, ఓజోనూ పట్టుకు కొరుకుతాయి. దానికి విరుగుడుగా అక్కడ హైడ్రోజన్ నింపిన రకాన్ని 1972లో బజారులోకి తెచ్చారు. నూనెని వనస్పతి చేసేదీ ఇలాగే! మరి వనస్పతిలా గడ్డకడితే ఇక రబ్బరెందుకు? అందుకని గొలుసు కట్టేటప్పుడే పక్కకి చిన్నచిన్న కొమ్మలు వచ్చేలా చూసుకున్నారు. కొమ్మలు అడ్డుపడి గొలుసులు దగ్గరగా పేరుకోవు. ఏ వంటింటి ఇల్లాలికైనా నచ్చే యుక్తి!

నాయుడమ్మ 1985 జూన్ 23న కనిష్క విమాన ప్రమాదంలో పోయారు. అచ్చులో పోసిన అడుగులు వచ్చాక లందల పనీ, చేత్తో కుట్టేవాళ్ల పనీ తగ్గుతూ వచ్చాయి. 2022లో మా అచ్చంపేట పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. బీళ్లలో తంగేడు మాత్రం పసుప్పచ్చగా పూస్తూనే ఉంది.