వంశచరిత్ర పరిశోధనము: స్థానిక లేఖ్యముల సాక్ష్యము

కవికాల నిర్ణయమునకై మన పండితులు పడిన శ్రమలో పదియవ పాలైనను సామాన్య కుటుంబముల చరిత్రకై పడినవారు లేరు. శాసనములందు పేరెక్కిన వంశములకు చరిత్ర గలదు. కావ్యావతారికలందు నిలిచిన వంశములకును గలదు. తక్కినవారి పూర్వులు గ్రామపు లెక్కలలో, ఇనాము దాఖలాలలో, దస్తావేజుల సాక్షి సంతకములలో చెదరియున్నారు. వారిని వెదకుటకు పనికివచ్చు సామగ్రి యేది, దాని నెంతవఱకు నమ్మవచ్చును అను రెండు విషయములను పరిశోధక విద్యార్థుల ఉపయోగార్థము ఇచ్చట చర్చింపదలచితిమి. మా దృష్టిలో రెండవదియే కష్టమైనది.

కోస్తా, రాయలసీమ ప్రాంతములకు సంబంధించినంతవఱకు మొదట చూడదగినవి ఇనాము రిజిస్టరులు. మద్రాసు ప్రభుత్వము 1858లో నియమించిన ఇనాము కమిషను దాదాపు పదునొకం డేండ్లు పనిచేసి, ఇనాము భూముల హక్కులను విచారించి నమోదు చేసినది. భూమి విస్తీర్ణము, ఇనాము జాతి, దాత యెవరు, తొలి గ్రహీత యెవరు, పూర్వపు లెక్కలలో ఎవరి పేర నుండెను, ప్రస్తుత అనుభవదారు డెవరు, అతని వయసెంత, పూర్వునకు అతడేమగును అను సంగతులు వేర్వేరు గడులలో కనబడును. అదృష్టవశమున మూడు నాలుగు తరముల పేర్లు ఒక్క వరుసలోనే దొరకును. భట్టవృత్తులు, దేవదాయములు మాత్రమే కాక గ్రామసేవకై యిచ్చిన ఇనాములును విచారణకు వచ్చినవి గనుక, ఈ సామగ్రి యొక్క కులమువారికే పరిమితమైనది కాదు.

అయినను ఈ రిజిస్టరు వంశచరిత్రకై పుట్టినది కాదని మఱువరాదు. అది పన్నుకై, హక్కుకై పుట్టినది. అధికారి యెదుట నిలిచినవానికి తన వంశము తెగలేదని చూపుట అవసరము. వారసత్వము నిలువనిచో భూమి సర్కారు వశమగునను భయ మతనికి గలదు. అట్టి స్థితిలో దత్తపుత్రుని ఔరసునిగా చెప్పుకొనుటయు, అల్లుని కుమారుని వరుసలోనికి తెచ్చుటయు ఆశ్చర్యకరములు కావు. కావున ఈ రిజిస్టరులోని వంశక్రమమును వాది వాంగ్మూలముగా గ్రహించి, అన్యసాక్ష్యముతో సరిచూచుకొనవలెను. వంశవృక్షమును ముందు గీచికొని, పిదప దానికి ఆధారములు వెదకువారు నేడును లేకపోలేదు. వారికి ఈ రిజిస్టరు ఎల్లప్పుడును అనుకూలముగనే పలుకును.

తెలుగువారి వంశచరిత్రలో అన్నిటికంటె పెద్ద చిక్కు పేర్లవలన కలుగుచున్నది. తాత పేరు మనుమనికి పెట్టుట మన ఆచారము. వేంకటరామయ్య కుమారుడు సుబ్బయ్య, సుబ్బయ్య కుమారుడు వేంకటరామయ్య, మరల సుబ్బయ్య. ఒక తరమునకు ఇరువదియైదు మొదలు ముప్పది యేండ్లనుకొన్నచో, ఒకే పేరు ఏబది, అరువది యేండ్ల కొకమారు తిరిగివచ్చును. మన సంవత్సర చక్రమును అరువదియేండ్లదే. పేరును సంవత్సరమును కలసి తిరిగివచ్చుచున్న వన్నమాట! ఉదాహరణమునకు ఒక దానపత్రమున ‘దుందుభి నామ సంవత్సరము’ అనియు, ప్రతిగ్రహీత వేంకటరామయ్య అనియు ఉన్నదనుకొందము. అది 1802-03 నాటి దుందుభి కావచ్చును. 1862-63 నాటి దుందుభియు కావచ్చును. మొదటిదైనచో అతడు తాత, రెండవదైనచో మనుమడు. ఇద్దరిని ఒక్కనిగా చేసినచో రెండు తరములు మాయమగును. ఒక్కని ఇద్దరుగా చేసినచో లేని తరములు పుట్టును.

ఇట్టి సందేహము తీర్చుకొనుటకు మూడు సాధనములు గలవు. మొదటిది ఫసలీ సంవత్సరము. సర్కారు లెక్కలందు ఫసలీ తప్పక యుండును. మద్రాసు పరగణాల ఫసలీకి 590 కలిపినచో ఆ సంవత్సరము జూలైలో మొదలయిన క్రీస్తుశకము వచ్చును. ఫసలీ 1272 అనగా 1862-63. నైజాము ఫసలీ మొదలగు మాసము వేఱు గనుక తెలంగాణపు పత్రములకు ఈ సూత్రమును గ్రుడ్డిగా వాడరాదు. రెండవది తిథివారముల పొంతన. పత్రమునందు వారము పేర్కొన్నచో స్వామికన్ను పిళ్లె పంచాంగ గణనముతో సరిచూడవచ్చును. మూడవది వయస్సు. రిజిస్టరులో అనుభవదారు వయసు ముప్పదియని యున్నప్పుడు, అతడు 1802 నాటి ప్రతిగ్రహీత కాజాలడని వేఱుగ చెప్పనక్కఱలేదు.

స్థానిక చరిత్రలని పేరొందిన కైఫీయతులను గూర్చి కొంత చెప్పవలసియున్నది. కర్నల్ మెకంజీ తన సహాయకులైన కావలి సోదరులు మొదలగువారిచే సేకరింపజేసిన యీ వృత్తాంతములకు గ్రామకరణముల కవిలెలు, దండకవిలెలు ముఖ్యాధారములు. గుంటూరు ప్రాంతపు కైఫీయతులు పెక్కింట గణపతి మహారాజు మంత్రి గోపరాజు రామన్న గ్రహణపుణ్యకాలమున నియోగులు మున్నగువారికి కరణిక మిరాసీల నిచ్చెనను కథ గలదు. దానికి చెప్పు శకవత్సరము క్రీ. శ. 12వ శతాబ్ది పూర్వార్ధమునకు చెందును. కాకతీయ గణపతిదేవుడు రాజ్యమునకు వచ్చినది 1199లో. కైఫీయతు చెప్పు కాలమున హనుమకొండ నేలినవాడు రెండవ ప్రోలరాజు. కథలోని రాజును నమ్మినచో శకము తప్పు. శకమును నమ్మినచో రాజు తప్పు. ఇంతమాత్రమున కైఫీయతు నిరుపయోగమని మేమనము. మిరాసీ తమకు అతిప్రాచీనమని చెప్పుకొనవలసిన అవసర మా కుటుంబములకు ఏర్పడినదని అది నిశ్చయముగా తెలుపుచున్నది. కైఫీయతు వ్రాయబడిన కాలమునకు సమీపమైన రెండు మూడు తరముల విషయమున దాని మాట విలువైనది. అంతకు పూర్వము పోయినకొలది విలువ తగ్గును.

ఈ లేఖ్యములన్నిటను స్త్రీల పేర్లు అరుదు. వితంతువై భూమికి హక్కుదారయినప్పుడే ఆమె రిజిస్టరు కెక్కును. ఈ విషయమున మన కావ్యావతారికలే మేలు. తిక్కన తండ్రి కొమ్మన యని చెప్పిన నోటనే తల్లి అన్నమ యని చెప్పగలుగుచున్నాము. శ్రీనాథుని తల్లి భీమాంబ పేరును మనకు నిలిచినది. సర్కారు గుమాస్తాకు తల్లి పేరుతో పనిలేదు. రిజిస్ట్రేషను కార్యాలయములందలి పసుపుకుంకుమ దస్తావేజులు ఈ లోపమును కొంత పూరింపగలవు. ఆడుబిడ్డ పేరు, ఆమె భర్త పేరు, అత్తవారి గ్రామము వానిలో నుండును. పరిశోధకులు వీనిని చూచుట మిక్కిలి తక్కువ.

భూమియే లేనివారి మాటయేమి? వారి పేర్లు ఇనాము రిజిస్టరులోను లేవు, పట్టా లెక్కలోను లేవు. విచిత్రమేమనగా, దేశము విడిచిన తరువాతనే వారిలో పెక్కుమందికి వ్రాతసాక్ష్యము ఏర్పడినది. 1860లో మద్రాసునుండి ‘ట్రూరో’ నౌక నేటాలుకు చేరినది మొదలు 1911 వఱకు ఒప్పందపు కూలీలుగా వెడలినవారి ఓడపట్టీలలో ఒక్కొక్కని పేరు, తండ్రి పేరు, వయసు, కులము, జిల్లా, గ్రామము, దేహముపై గుర్తులు సహితము నమోదయినవి. మారిషస్‌కు పోయినవారి పత్రములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో నున్నవి. వ్రాసిన గుమాస్తాలకు తెలుగు రాకపోవుటచే గ్రామనామములు గుర్తుపట్టరానంతగా చెడినవి. వానిని సరిచేయుట తెలుగు శాఖల విద్యార్థులు చేయవలసిన పని; సముద్రము కావలినుండి తమ పూర్వుల ఊరు వెదకికొనుచు వచ్చువారికి ఇంతకంటె గొప్ప సాయము మనము చేయలేము.

తెలంగాణమున మున్తఖబులు, సేత్వారులు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ ముఖ్యములు. పాతవి పారసీ, ఉర్దూ భాషలలో నుండుటచే ఆ లిపి నేర్వక ముందడుగు వేయ వీలులేదు. వేటపాలెము సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములలోని పాత పత్రికలును ఉపేక్షింపదగినవి కావు. మరణవార్తలు, కోర్టు ప్రకటనలు, విరాళముల పట్టికలు వంశచరిత్రకు నిశ్చితమైన తేదీల నిచ్చును.

1984లో కరణ, పటేలు, పట్వారీ పదవులు రద్దగుటతో గ్రామపు లెక్కలు చేతులు మారినవి. ఇండ్ల అటకలపై నిలిచిపోయిన ప్రైవేటు కాగితములు, తాటాకు కవిలెలు మాత్రము ఎవరి లెక్కలోను లేవు. ఇల్లు పడగొట్టునాడు అవి పొయ్యిలోనికి పోవుచున్నవి. పరిశోధనకు గ్రామములకు పోవు విద్యార్థులు ముందుగా అట్టి యిండ్లవారి అనుమతితో ప్రతి కట్టకును ఛాయాచిత్రములు తీసికొని, ఏ గ్రామమున, ఎవరి యింట, ఏ తేదీన చూచిరో వెనువెంటనే వ్రాసి యుంచవలెను. చదువుట తరువాతనైనను చేయవచ్చును.