పరిశోధన పద్దు: ఉప్పల్ దారిలో అధ్యాపకులు, పోర్టళ్లు

హైదరాబాద్‌లో తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్‌కు సాగే దారిలో, నాచారం పారిశ్రామికవాడకు చేరువలో, పరిశోధన సంస్థలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. నిజాం కాలంలో 1944లో మొదలై నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరొందిన ప్రయోగశాల, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1977లో ఏర్పడిన కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) అక్కడివే కాగా, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వాటికి పొరుగునే ఉంది. ప్రయోగశాలల్లో ప్రచురణల లెక్కను సాధారణంగా సంస్థే వార్షిక నివేదిక కోసం కూర్చుకునేది. విశ్వవిద్యాలయంలోనూ అనుబంధ కళాశాలల్లోనూ ఆ భారం అధ్యాపకుడి మీదే పడింది.

2009 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని తప్పనిసరి చేయగా, వాటిని భద్రపరిచే శోధ్‌గంగ భాండాగారం రూపుదిద్దుకుంది. 2010 నిబంధనలు ఏపీఐని, అంటే బోధన, పరిశోధనలకు మార్కులు వేసి పదోన్నతిని నిర్ణయించే కొలమానాన్ని తెచ్చాయి. వారానికి 16 గంటలు పాఠం చెప్పవలసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ తన వ్యాసాల వివరాలను పదోన్నతి దరఖాస్తుకు ఒకసారి, విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌కు పంపే నివేదికకు మరోసారి రాయవలసి రావడంతో, అలాంటి నమోదు అంటేనే విసుగు పుట్టింది. ఆ విసుగు న్యాయమైనదే. 2018 నిబంధనలు ఏపీఐ పద్ధతిని విరమించినా పరిశోధన స్కోరును నిలిపి ఉంచాయి.

ఈ వివరాలను ఒకచోట చేర్చే పోర్టల్ ఇప్పుడు ఉంది. గాంధీనగర్‌లోని యూజీసీ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ రూపొందించిన ఐరిన్స్, అధ్యాపకుల ప్రచురణలను స్కోపస్ వంటి సూచికల నుంచి తెచ్చి ఒకచోట చూపే పరిశోధన సమాచార నిర్వహణ వ్యవస్థ. కొత్త సాంకేతికతను మనుషులు స్వీకరించడానికి దాని ఉపయోగం, వాడకంలో సౌలభ్యం ప్రధానమని ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించాడు. ఆ రెండు గీటురాళ్ల మీదా తెలుగు అధ్యాపకుడికి ఎదురయ్యే మొదటి చిక్కు పేరుదే. ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు పెట్టుకునే అలవాటు మనది. చివరి మాటనే వంశనామంగా తీసుకునే సూచికలు రావు, రెడ్డి అన్న పేర్ల కింద అనేకులను కలిపేస్తాయి, ఒకే మనిషిని ఇద్దరు ముగ్గురుగా విడదీస్తాయి కూడా. 2012లో మొదలైన ఆర్కిడ్, ప్రతి పరిశోధకుడికి విడి సంఖ్య కేటాయించి ఈ చిక్కుకు మార్గం చూపినా, ఆ సంఖ్యతో పాత వ్యాసాలను జతచేసే శ్రమ అధ్యాపకుడిదే.

ఇంతకన్నా బాధాకరమైన లోపం మరొకటి ఉంది. అంతర్జాతీయ సూచికలు ప్రధానంగా ఇంగ్లీషు పత్రికలవి కావడం వల్ల, రసాయన శాస్త్ర విభాగం వ్యాసాలు వాటంతట అవే వచ్చి చేరుతుండగా, శాసనాల మీదో జానపద సాహిత్యం మీదో తెలుగులో వెలువడిన గ్రంథాన్ని చేత్తో నమోదు చేస్తే తప్ప అది లెక్కలోకి రాదు. తమ కృషి కనిపించని వ్యవస్థను తెలుగు, చరిత్ర విభాగాలవారు మనస్ఫూర్తిగా స్వీకరిస్తారని ఆశించడం సమంజసం కాదు. తెలుగు ప్రచురణల నమోదు బాధ్యతను విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు తమ సిబ్బందికి అప్పగించాలి.