కాలేయ కణములో ట్యూబులిన్ లెక్క

సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదు–విజయవాడ రహదారి పోవుచున్నది. మిర్యాలగూడ మిల్లులలో ఆడిన బియ్యము దూరప్రాంతములకు చేరవలెనన్న ఇట్టి దారులు ఉండవలెను. మన కాలేయములోని ప్రతి కణమునకును దారులు కలవు. పెద్దవారి కాలేయము దినమునకు 10 నుండి 15 గ్రాముల ఆల్బుమిన్ అను మాంసకృత్తును తయారుచేసి రక్తములోనికి పంపును. ఇట్టి సరకు కణపు అంచునకు చేరుటకు తోడ్పడు దారులే సూక్ష్మనాళికలు. ట్యూబులిన్ అను మరియొక మాంసకృత్తు అణువులు ఇటుకలవలె పేర్చబడి ఈ నాళికలు ఏర్పడును.

కణము ఈ దారులను అవసరమునుబట్టి విప్పుచు, కట్టుచు ఉండును. మరి ఇటుకలు ఎన్ని చేయవలెనో దానికెట్లు తెలియును? ఈ ప్రశ్నకు సమాధానము తెచ్చినవి రెండు విషపదార్థములు. ఆ రెండును తెలుగునాట పెరుగు మొక్కలలో ఉన్నవే.

మొదటిది కాల్చిసిన్. నిప్పుమంటలవంటి పూలు పూయు అడవినాభి దుంపలో ఇది ఉండును. ఆ దుంపను తిన్నచో ప్రాణాపాయము. 1820లో పెల్టియే, కావెంటూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఐరోపాలోని మరియొక మొక్కనుండి దీనిని వేరుచేసిరి. రెండవది విన్‌బ్లాస్టిన్. పెరటి బిళ్ళగన్నేరులో ఉండు దీనిని 1958లో కెనడాలో నోబుల్, బీర్ అనువారు వెల్లడించిరి. తరువాత ఇది క్యాన్సరు మందైనది.

1963లో లెడ్‌బెటర్, పోర్టర్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వృక్షకణములలోని సూక్ష్మనాళికలను వర్ణించిరి. 1967లో షికాగోలో బోరిసీ, టేలర్ కాల్చిసిన్‌ను పట్టుకొను మాంసకృత్తును గుర్తించిరి. మరుసటి సంవత్సరము జపాను శాస్త్రజ్ఞుడు మోహ్రి దానికి ట్యూబులిన్ అని పేరుపెట్టెను.

1979లో అమెరికాలో బెన్-జేవ్, ఫార్మర్, పెన్‌మన్ చిట్టెలుక కణములపై ఈ రెండు పదార్థములను ప్రయోగించిరి. రెండింటివలనను నాళికలు విడిపోయినవి. అయినను ఫలితము ఒకటి కాలేదు. కాల్చిసిన్ ఇచ్చిన కణములలో ట్యూబులిన్ తయారీ బాగుగా తగ్గెను. విన్‌బ్లాస్టిన్ ఇచ్చినవానిలో అట్లు తగ్గలేదు. కారణమేమి? కాల్చిసిన్ వలన ఇటుకలు విడివిడిగా మిగిలిపోవును. విన్‌బ్లాస్టిన్ వానిని స్ఫటికములవలె ముద్దకట్టించును. విడి ఇటుకలు తగ్గును. కణము దారి ఉన్నదా లేదా అని చూచుటలేదు, విడిగా ఉన్న ఇటుకలను లెక్కించుచున్నదని దీనివలన తేలినది. గోదాము నిండినప్పుడు మిల్లు ఆపుట వంటిదే ఇది.

1983లో క్లీవ్‌లాండ్ బృందమువారు ట్యూబులిన్‌నే సన్నని సూదితో కణములోనికి ఎక్కించిరి. తయారీ తగ్గి, ఆ నిర్ణయము బలపడినది.

అయితే ఈ నియమము వేగముగా విభజన చెందు కణములకే చెల్లునా? కాలేయ కణములు సాధారణముగా అరుదుగా విభజన చెందును. 1985లో కేరన్, జోన్స్, కిర్ష్‌నర్ కాలేయ కణములను ఫైబ్రోబ్లాస్టు కణములతో పోల్చి పరీక్షించిరి. విడి ట్యూబులిన్ పెరిగినచో రెంటిలోను దాని తయారీ వెంటనే తగ్గుచున్నదని చూపిరి.

ఇక లెక్కించునది ఎవరు? ట్యూబులిన్ తయారీకి ఆజ్ఞ తెచ్చునది సందేశవాహక ఆర్.ఎన్.ఏ. ఇటుకలు ఎక్కువైనప్పుడు కణము ఆ ఆజ్ఞాపత్రమునే నశింపజేయును. దానిని గుర్తించుటకు, అప్పుడే తయారగుచున్న ట్యూబులిన్ గొలుసు మొదటి నాలుగు ఎమైనో ఆమ్లములే ఆనవాలని 1988లో తెలిసినది. ఆ ఆనవాలును పట్టుకొను మాంసకృత్తు దొరకుటకు మరి 32 ఏండ్లు పట్టినది. 2020లో కేంబ్రిడ్జిలో హెగ్డే బృందమువారు, సహపరిశోధకులు టి.టి.సి.5 అను దానిని కనుగొనిరి. గొలుసు రైబోసోమునుండి బయటికి వచ్చుచుండగనే అది పట్టుకొనును. ఆ పిమ్మట ఆజ్ఞాపత్రమును ఛేదించు యంత్రాంగము అచ్చటికి ఎట్లు చేరునో 2023లో తెలిసినది.