తూమునీటికి 54 పణాలు

పొరుగింటి తూమునీరు మన గోడలోకి ఊరితే నేడు పురపాలక సంఘానికి అర్జీ పెట్టుకుంటాము, అక్కడ పని కాకపోతే కోర్టు మెట్లెక్కుతాము. ఈ తగవు చాలా పాతది. దానికి జరిమానా ఎంతో అంకెతో సహా చెప్పిన గ్రంథం కౌటిల్యుని అర్థశాస్త్రం. మైసూరులో ఆర్. శామశాస్త్రి దానిని 1909లో ప్రకటించారు.

అందులో మూడవ అధికరణం ధర్మస్థీయం, అనగా న్యాయాధికారుల ముందుకు వచ్చే వ్యవహారాలు. ఇండ్ల తగాదాలు అందులోని ఎనిమిదవ అధ్యాయంలో ఉన్నాయి. కొత్త కట్టడం పొరుగువాని గోడకు రెండు మూరలో మూడు పాదాలో ఎడంగా ఉండాలి. నీటి తూముకూ అటువంటి ఎడమే ఉండాలి. తప్పితే 54 పణాల దండుగ. బండి, పశువులు, పొయ్యి, తిరగలి, రోలు పెట్టుకునే చోటుకు కూడా కొంత ఎడం విడవాలి. తప్పితే 24 పణాలు. అద్దె సక్రమంగా చెల్లించేవానిని వెళ్ళగొట్టిన యజమానికీ, ఖాళీ చేయమన్నా కదలని అద్దెదారుకూ సమానంగా 12 పణాలు. ఇరుగుపొరుగులు కలిసి ఒప్పుకుంటే తమకు నచ్చినట్లు కట్టుకోవచ్చుననే వెసులుబాటూ ఉన్నది.

54 పణాలు చిన్న మొత్తం కాదు. అదే గ్రంథం జీతాల పట్టికలో పరిచారకునికి ఏడాదికి 60 పణాలు. అంటే ఒక తూము ఖరీదు దాదాపు ఒక పేదవాని ఏడాది కష్టం. మరి చెల్లించలేనివాడి గతి ఏమిటి? దండుగ కారణంగా దాస్యంలో పడినవాడు పని చేసి దానిని తీర్చుకోవచ్చునని దాసకల్పంలో ఉన్నది.

ఇక అసలు చిక్కు ఇక్కడున్నది. కోటలోని రాబడి పద్దులను లెక్కిస్తూ కౌటిల్యుడు సుంకం వెంటనే దండాన్ని పేర్కొన్నాడు. జరిమానా రాబడి అయిన చోట రాజుకు తప్పులమీద ఆశ పుడుతుంది. ఆ ప్రమాదం గ్రంథకర్తకు తెలియనిది కాదు. నిర్దోషికి ధనదండం విధించిన అధికారి దానికి రెట్టింపు తానే చెల్లించాలన్నాడు. రాజే ఆ తప్పు చేస్తే ముప్పై రెట్లు వరుణునికని నీటిలో విడిచి, ఆపైన బ్రాహ్మణులకు ఇవ్వాలన్నాడు. అన్యాయపు సొమ్ము బొక్కసంలో నిలవకూడదన్నదే దీని సారం. ఇవి శాస్త్ర విధులే గాని వసూలు చిట్టాలు కావు; అయినా ఆ ఆలోచన గట్టిది.

మన కాలానికి వద్దాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007 డిసెంబరు 31న 901వ నంబరు ఉత్తర్వు వెలువరించింది. 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 15 వరకు అనుమతి లేకుండానో, ప్లాను మీరో కట్టిన భవనాలను అపరాధ రుసుము తీసుకుని క్రమబద్ధం చేసే పథకమది. ఇదే చివరి అవకాశమని నమ్మినవారు ఎందరో. 2015లో రెండు తెలుగు రాష్ట్రాలూ మళ్ళీ అటువంటి పథకాలే తెచ్చాయి.

అంతకు ముందే, 2004లో, కటకంలో అనుమతికి మించి అంతస్తు లేపిన ఒక బిల్డరు వ్యవహారంలో సుప్రీంకోర్టు ఇటువంటి రాజీ మినహాయింపుగానే ఉండాలన్నది. బిల్డర్ల నుంచి భారీ జరిమానా రాబట్టి, కూల్చివేతలో ఇల్లు కోల్పోయే అమాయక కొనుగోలుదారుల పరిహారానికి దానిని వాడవచ్చునని కూడా సూచించింది. నష్టపోయినవాడి వైపు డబ్బును మళ్ళించే ఆ సూచన నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

పొరుగువాడు విడవవలసిన మూడడుగులూ విడవక గోడ లేపితే మన కిటికీలోకి వెలుతురు రాదు. అతడు రుసుము కడతాడు, రసీదు పుచ్చుకుంటాడు, గోడ సక్రమమవుతుంది. సొమ్ము సర్కారుకు చేరుతుంది. వెలుతురు పోయిన ఇంటివాడి పేరు మాత్రం ఆ రసీదులో ఎక్కడా ఉండదు.