పెన్‌డ్రైవునకు వాకిలి తెఱచిన చరిత్ర



తాళపుచెవుల గుత్తికి వ్రేలాడుచుండెడి చిటికెనవ్రేలంత పెన్‌డ్రైవును మీరందఱును చూచియే యుందురు. పెండ్లి ఫొటోలు, హరికథలు, పొలముల కాగితముల నకళ్లు అన్నియు అందులో నిముడును. దానిని కంప్యూటరు ప్రక్కనున్న సందులో గ్రుచ్చగనే తెరమీద దాని బొమ్మ కనబడును. ఆ బొమ్మను నొక్కిన లోని సరకు బయటపడును. ఇంత సులువైన పనికి చరిత్రయేమి యని యడుగుదురేమో! లినక్సు అను వ్యవస్థతో నడచు కంప్యూటర్లలో ఈ సులువు దానంతట వచ్చినది కాదు. పెన్‌డ్రైవు అంగడికి వచ్చిన 2000 సంవత్సరము మొదలు 2012 వఱకు దానికొఱకు పలువురు తంటాలుపడిరి. గుమ్మము తెఱచు నధికార మెవరిది యనునదే అక్కడి తగవు. ఆ తగవు తీరకముందు నేనును ఒకమాఱు నష్టపోతిని.

కథకు మొదలు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో నున్నది. అచ్చట 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్సు అను వ్యవస్థకు శ్రీకారము చుట్టిరి. 1974లో ప్రకటించిన వ్యాసమున వారు తమ యంత్రమును వర్ణించుచు, దానికి ఊడదీసి మార్చుకొనదగిన డిస్కులు కలవనియు, వానిలో చిన్నవి యొక్కొక్కటి 25 లక్షల అక్షరములు పట్టుననియు వ్రాసిరి. నేడు దొరకు 16 గిగాబైట్ల పెన్‌డ్రైవులో అట్టి డిస్కులు 6,400 ఇముడును.

యూనిక్సులోని ఫైళ్లన్నియు ఒకే చెట్టుగ నుండును. ఈ డిస్కున కొక చెట్టు, ఆ డిస్కున కొక చెట్టు అను భేదము లేదు. క్రొత్త డిస్కును తెచ్చినప్పుడు దానిని ఈ చెట్టుకొమ్మకు అంటుకట్టవలెను. మనము నాటుమామిడికి బంగినపల్లి అంటు కట్టినట్లే. కట్టిన పిమ్మట ఏది పాతకొమ్మయో ఏది క్రొత్తకొమ్మయో వాడుకొనువాడు ఎఱుగనక్కఱలేదు. దీనికి వారు పెట్టిన పేరు మౌంటు. నేను అంటుకట్టుట యనియే చెప్పెదను. అంటు విప్పుటయు వేఱొక పని. దానికడకు మరల వచ్చెదము.

ఈ అంటుకట్టు నధికారము ఒక్క పెత్తందారునికి మాత్రమే యుండెను. ఆ పెత్తందారును రూటు అందురు. వేరు అని దాని యర్థము. ఇతరుల కేల యీయలేదనగా, ఆ యంత్రము ఒకరిది కాదు. పలువురు పలుచోట్ల కూర్చుండి ఒకే యంత్రమును వాడుకొనెడివారు. మఱియు రిచీ కనిపెట్టిన ముద్ర యొకటి యందులో కలదు. ఆ ముద్ర పడిన ప్రోగ్రామును ఎవరు నడపినను, అది నడపినవాని యధికారముతో గాక తన యజమాని యధికారముతో పనిచేయును. ఎవడో తన యింటికడ రూటు ముద్రవేసిన ప్రోగ్రామును డిస్కులో పెట్టి తెచ్చి, దానిని తానే అంటుకట్టుకొన్నచో, క్షణములో యంత్రమంతకు దొర యగును. పూర్వము కరణముగారి చేతివ్రాతను అనుకరించి దొంగ దస్తావేజు పుట్టించినవారిని గూర్చి మీరు వినియే యుందురు. అట్టి భయమే ఇదియును. కావున పెత్తందారుని కట్టుబాటు అన్యాయమైనది కాదు; ఆ కాలమున కది తగియే యుండెను.

1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి నగరములో చదువుకొనుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ అను యువకుడు లినక్సును మొదలుపెట్టెను. అది యూనిక్సు నడవడినంతయు అనుసరించెను, పెత్తందారుని పద్ధతితో సహా. అయితే ఈ యంత్రము ఇంటిలో బల్లమీద నున్నది, దానికి యజమానుడొక్కడే. ఆ యొక్కడే రెండు వేషములు వేయవలసివచ్చెను. మామూలు పనులకు మామూలు మనిషి. డిస్కు తెచ్చినప్పుడు రహస్యపదము చెప్పి పెత్తందారు. తన యింటి గుమ్మములో తానే నిలుచుండి తన్ను తానే అనుమతి యడుగుకొనుట వంటిది!

ఫ్లాపీలకును, సీడీలకును ఇది అంతగ బాధింపలేదు. అవి పెట్టుకొను అర యంత్రములోనే యుండును. దాని పేరు మారదు. కావున ఆ పేరును ఒక పట్టికలో వ్రాసి, దీనిని ఎవరైనను అంటుకట్టవచ్చునని ఒక్క మాట చేర్చిన చాలును. మాండ్రేక్ అను లినక్సు వారు సూపర్‌మౌంటు అను ఉపాయముతో ఆ శ్రమయు తప్పింపజూచిరి గాని, లినక్సు మూలములోనికి అది చేరలేదు.

చిక్కు తెచ్చినది యుఎస్‌బి. 1996లో వెలువడిన ఈ ఏర్పాటునకు తోడ్పడిన ముఖ్యులలో మన వడోదరలో చదువుకొన్న అజయ్ భట్ ఒకరు. ఏ వస్తువునైనను ఎప్పుడైనను గ్రుచ్చవచ్చును, లాగవచ్చును అనునదే దాని ఘనత. 2000లో పెన్‌డ్రైవు వచ్చెను. 2001 జనవరిలో వెలువడిన లినక్సు 2.4 దానిని గుర్తుపట్టగలిగెను. కాని దానికి పేరు వచ్చినవరుసను బట్టి పెట్టెడిది. ముందు వచ్చినది ఎస్‌డిఎ, తరువాత వచ్చినది ఎస్‌డిబి. నిన్న ఎస్‌డిఎ యైనది నేడు ఎస్‌డిబి కావచ్చును. బస్సులో ఎక్కిన వరుసను బట్టి మనుష్యులకు పేర్లు పెట్టినచో, ఉత్తరము ఎవరికని వ్రాయుదుము? పట్టిక పద్ధతి నిరర్థకమయ్యెను.

ఇక నా సంగతి. 2004 వేసవినాటికి మా గ్రంథాలయములో పాత లినక్సుతో నడచు కంప్యూటరు ఒకటి యుండెను. అంతకుముందు శీతకాలమున మా మేనత్త పాడిన నాట్ల పాటలను నలువది నిమిషములసేపు దానిలో పట్టి యుంచితిని. ఉగాది వెళ్లిన పిమ్మట అత్త కాలము చేసెను. ఆమె కుమారుడు, మా బావ, రాజమండ్రినుండి క్రొత్త పెన్‌డ్రైవు కొనితెచ్చి, ‘అమ్మ గొంతు ఇందులో వేసి ఇయ్యవోయ్’ అనెను. గ్రుచ్చితిమి, ఏమియు కనబడలేదు. రూటు రహస్యపదము తెలిసిన కుఱ్ఱవాడు విజయవాడలో నుండెను. అతనికి ఫోను చేసి, ఒక్కొక్క అక్షరము చెప్పించుకొని, యంత్రము ఏ పేరు పెట్టినదో వెదకి, చివరకు అంటుకట్టితిమి. పాటలు నకలు చేయుమంటిని. కన్ను మూసి తెఱచునంతలో అయినదన్నది. డిస్కు నిండియుండుటచేత అసలు ఫైలును చెఱిపివేసితిని. బావ పెన్‌డ్రైవు లాగి జేబులో వేసికొని బండి యెక్కెను.

రాజమండ్రిలో తెఱచి చూడగా ఫైలు పేరు మాత్రము కలదు. లోన పాట లేదు.

ఇట్లేల జరిగెనో తరువాత తెలిసికొంటిని. లినక్సు వ్రాయుమన్నదానిని వెంటనే డిస్కుమీద వ్రాయదు. ముందు తన జ్ఞాపకములో నుంచుకొని, వీలు చూచుకొని వ్రాయును. కళ్లములోని ధాన్యము బండి కెత్తకముందే లెక్క వ్రాసికొని, అయినదని చెప్పినట్లు. అంటు విప్పుమన్నప్పుడు మాత్రము మిగిలినదంతయు వ్రాసిన తరువాతగాని విడువదు. ఆ విప్పుమనుమాట నేను చెప్పలేదు. ఆ కుఱ్ఱవానిని నే నడుగనులేదు. తప్పు నాది.

నేను అట్లు నష్టపడుచుండిన కాలముననే దీనికి మందు తయారగుచుండెను. 2003లో హావక్ పెన్నింగ్టన్ అను నాతడు, వస్తువును గ్రుచ్చిన వెంటనే అది పనిచేయవలెనని కోరుచు వ్యాసము వ్రాసెను. ఆ యేడే గ్రెగ్ క్రో-హార్ట్‌మన్ యూడెవ్ అనుదానిని ప్రకటించెను. వస్తువు రాగానే దాని గుణములను చూచి స్థిరమైన పేరు పెట్టుట దాని పని. డేవిడ్ జాయితెన్ కూర్చిన హాల్ అనునది వచ్చిన వస్తువుల దాఖలా నుంచెడిది. డీబస్ అనునది వార్తాహరుడు. 2004లో రాబర్ట్ లవ్ వ్రాసిన ప్రోగ్రాము ఆ వార్త విని, పెన్‌డ్రైవును అంటుకట్టించి, తెరమీద బొమ్మ చూపెను. ఊరిలోనికి క్రొత్తవాడు రాగా తలారి చూచి, కరణము వ్రాసికొని, వెట్టివాడు కబురు మోసి, మునసబు పిలిపించినట్లు నలుగురు పంచుకొన్న పని యిది. అటువంటి ప్రవేశముల కొఱకు మీడియా అను పేరుతో ప్రత్యేకమైన కొమ్మ నొకటి ఆ 2004లోనే నియమించిరి.

అధికారపు ముడి మాత్రము అట్లే నిలిచెను. మార్టిన్ పిట్ అను నాతడు పీమౌంటు అను చిన్న ప్రోగ్రాము వ్రాసి దానిని సడలించెను. దానిమీద రూటు ముద్ర కలదు. ఏ ముద్రకు వెఱచి వాకిలి మూసిరో ఆ ముద్రతోనే వాకిలి తెఱచెను! కాని అది చేయు పని మిక్కిలి స్వల్పము. ఊడదీయదగిన వస్తువులను మాత్రమే అంటుకట్టును, నియమించిన కొమ్మకే కట్టును, వచ్చిన డిస్కులోని ముద్రలు చెల్లవను షరతుతో కట్టును. ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది. అతిథిని రానిచ్చి, అతని చేతి ముద్రను మాత్రము గడప బయట నుంచిరి.

మన తెలుగువారికి తగిలిన చిక్కొకటి ఇచ్చటనే చెప్పవలెను. ఇంగ్లీషు కాని లిపిలో ఫైళ్లకు పేర్లు పెట్టినచో, అంటుకట్టునప్పుడు యూటీఎఫ్-8 అను సంకేతమును పేర్కొననియెడల పేర్లన్నియు ప్రశ్నార్థకముల బారులుగ కనబడెడివి. ‘నాట్లపాటలు’ అని వ్రాసినచోట ప్రశ్నలు మాత్రమే! ఆ సంకేతమును ప్రోగ్రాములే స్వయముగ చేర్చుట మొదలైన పిమ్మట ఈ బాధ తీరెను.

ఇక నాకు కలిగిన నష్టమునకు మందుగ, ప్రతి ముక్కను ఆలసింపక అప్పటికప్పుడే వ్రాయు పద్ధతిని పెట్టిచూచిరి. 2005లో లినక్సు ఆ యాజ్ఞను పెన్‌డ్రైవుల విషయమున అక్షరాల పాటింప మొదలుపెట్టెను. ఫలితము విపరీతము. ప్రతి ముక్కకును పెన్‌డ్రైవులోని విషయసూచికను తిరుగవ్రాయుటచేత పని నత్తనడక యయ్యెను. వ్రాసినచోటనే మరల మరల వ్రాయుటచేత పెన్‌డ్రైవులు అరిగిపోయెను. ఆ పద్ధతిని విడువక తప్పలేదు.

హాల్ పెరిగి పెరిగి మోయరాని బరువయ్యెను. దానిని కట్టిన జాయితెనే దానిని విప్పి, ఆ స్థానమున యూడిస్క్స్ అనుదానిని నిలిపెను. దాని రెండవ రూపము 2012లో వచ్చెను. యంత్రము ఎదుట పీటమీద నిజముగ కూర్చున్నవా డెవడో ఇందులో విచారింతురు. పీటమీద నున్నవానికి రహస్యపదము లేకయే అనుమతి. దూరమునుండి తంతిద్వారా వచ్చినవానికి లేదు. వచ్చిన పెన్‌డ్రైవును కూర్చున్నవాని పేరుగల కొమ్మకే కట్టుదురు. ఇన్నేండ్ల తగవునకు ఇదియే తీర్పు.

అయినను గుమ్మము తెఱచియుండుట ఎప్పటికిని అపాయమే. 2011లో జాన్ లారిమర్ అను పరిశోధకుడు తెర తాళమువేసి యున్న లినక్సు యంత్రములో పెన్‌డ్రైవు గ్రుచ్చి, తాళము వీడజేసి చూపెను. అంటు తానే కట్టుకొన్న యంత్రము, లోని ఫైళ్లకు చిన్నబొమ్మలు గీయబోయి మోసపోయెను. నేటి గ్నోమ్ తెర తాళములో నున్నంతసేపు అంటు కట్టక, యజమానుడు వచ్చువఱకు పెన్‌డ్రైవును వాకిట నిలిపియుంచును.

కట్టుట తానే నేర్చిన యంత్రమునకు విప్పుట మాత్రము మనము చెప్పవలసియే యున్నది; చేయి ఎప్పుడు లాగునో దానికి తెలియదు గదా. బొమ్మ ప్రక్కనున్న చిన్న గుర్తును నొక్కవలెను. వ్రాయవలసినది మిగిలియున్న, లాగవద్దని తెరమీద మాట కనబడును. పని తీరిన పిమ్మట లాగవచ్చునని మఱియొక మాట వచ్చును. మా గ్రంథాలయములో పిల్లలు నన్ను చూచి నవ్వుదురు. ఆ రెండవమాట వచ్చిన తరువాత కూడ నేను పది లెక్కపెట్టిగాని పెన్‌డ్రైవు మీద చేయి వేయను. మా బావ ఆ పాత పెన్‌డ్రైవును పాఱవేయక, ఫైలు పేరుతో సహా, ఇంకను బీరువాలో దాచియున్నాడు.